తుపాను ముంగిట తవక్కుల్

 



అది 2005వ సంవత్సరం సెప్టెంబరు 22, గురువారం. చిత్తూరులో మేము ఫజ్ర్ నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతున్నాము. బెల్లం మండీలో లెక్కలు వ్రాసే ఒక సోదరుడు మా కోసమే చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రలేదని ఆయన కళ్లే చెబుతున్నాయి. రెండెకరాల మామిడితోట అమ్మి, ఉన్న ఒక్క కొడుకునూ అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి పై చదువుకు పంపినవాడు ఆయన.

“మౌల్వీ సాబ్, మావాడు చదివే ఊరి మీదికి పెద్ద తుపాను వస్తోందట. వాళ్ల పేట పక్కనే వాగు ఉందట. రూములో ఉండే ఇద్దరు పిల్లలు కారులో డల్లాస్‌కు వెళ్లిపోతున్నారు, వీడినీ రమ్మంటున్నారు. నేనే వద్దన్నాను. అల్లాహ్ వ్రాసింది ఎక్కడున్నా జరుగుతుంది, ఆయతుల్ కుర్సీ చదివి తలుపు వేసుకుని కూర్చోమన్నాను. వాళ్ల అమ్మేమో వెళ్లిపొమ్మని ఏడుస్తోంది. వాడు నన్నొక మాట అడిగాడు. ‘అబ్బా, నేను వెళ్లిపోతే నాకు తవక్కుల్ లేనట్టేనా?’ అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. వాళ్లు ఇంకో నాలుగైదు గంటల్లో బయలుదేరతారు” అన్నాడాయన.

సోదరులారా! ఆ తండ్రి మాటలో విశ్వాసం ఉంది. కాని ఆ విశ్వాసం తప్పు దారి పట్టింది. ఆ ఉదయం మేము ఆయనకు చెప్పినదీ, ఆ తరువాత ఆయన అడిగిన మరో ప్రశ్నకు వెంటనే చెప్పలేకపోయినదీ ఈ రోజు మీ ముందు ఉంచదలచాము. ఎందుకంటే మన తీరానికి తుపాన్లు కొత్త కాదు. మన పిల్లలు వెళ్లే దేశాలకూ కొత్త కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగిన చోటు

మేము మొదట ఆయనకు హజ్రత్ ఉమర్ (రజి) వృత్తాంతం వినిపించాము. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. విశ్వాసుల నాయకుడు ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై, సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. అక్కడ సేనాధిపతులు ఎదురు వచ్చి, సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిపారు. ఉమర్ (రజి) తనంతట తానే నిర్ణయం తీసుకోలేదు. ముందు ముహాజిర్లను పిలిచి సంప్రదించారు. వారిలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. తరువాత అన్సార్లను పిలిచారు. వారిలోనూ అంతే. చివరకు ఖురైషు పెద్దలను పిలిచారు. వారంతా ఏకాభిప్రాయంతో, జనాన్ని తీసుకుని వెనక్కి మళ్లమన్నారు. ఉమర్ (రజి) మరునాటి ఉదయమే తిరుగు ప్రయాణమని ప్రకటించారు.

అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడ్డు చెప్పారు. ఈయన సామాన్యుడు కారు. స్వర్గవాసి అని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చిన పదిమందిలో ఒకరు. ఈ సమాజపు విశ్వసనీయుడు అన్న బిరుదు పొందినవారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని ఆయన అడిగారు. ఆ మాట మరెవరైనా అని ఉంటే బాగుండేదే అని ఉమర్ (రజి) బాధపడ్డారు. తాము అల్లాహ్ విధివ్రాత నుండి తప్పుకుని అల్లాహ్ విధివ్రాతలోకే వెళుతున్నామని బదులిచ్చారు. ఒక ఉదాహరణ కూడా చెప్పారు. ఒంటెల కాపరి ఒక లోయలోకి దిగుతాడు. ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు. పచ్చికలో మేపినా, బీడులో మేపినా అది అల్లాహ్ విధివ్రాత ప్రకారమే కదా అని అడిగారు. మరి ఏ కాపరి బీడులో మేపుతాడు?

మన చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో గొర్రెలు, మేకలు కాసే వారికి ఈ ఉదాహరణను విడమరచి చెప్పనవసరం లేదు. వానలేని ఏడాది మందను తోలుకుని నీళ్లున్న చోటికి పోయే కాపరిని ఎవరూ విధిని ఎదిరించినవాడు అనరు.

అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చారు. ప్లేగు ఉన్న ఊరిలోకి వెళ్లవద్దనీ, మనమున్న ఊరిలోనే అది వస్తే దాని నుండి పారిపోయి బయటకు వెళ్లవద్దనీ దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని తెలిపారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వ్యాధి వచ్చిన ఊరు వదలవద్దన్నారు కదా, మరి తుపాను వచ్చే ఊరు ఎలా వదలాలి? ఆలోచించండి. వ్యాధి సోకినవాడు ఊరు దాటితే అది అతని వెంట పక్క ఊరికి పోతుంది. వరద అలా మన వెంట రాదు. రెండు చోట్లా అసలు ఉద్దేశం ఒకటే, ప్రాణాలు కాపాడడం. ఒక చోట అది కదలకుండా ఉండడంలో ఉంది, మరో చోట కదలడంలో ఉంది.

“భాయ్, వెంటనే మీ అబ్బాయికి ఫోను చేయండి. వెళ్లమని చెప్పండి. ఆయతుల్ కుర్సీ కారులో కూర్చుని కూడా చదువుకోవచ్చునని చెప్పండి” అన్నాము. ఆయన ఎస్.టి.డి. బూతు వైపు పరుగెత్తాడు.

ప్రవక్తల ప్రయాణ సన్నాహాలు

దివ్య ఖుర్ఆన్‌లో ప్రళయం వంటి వరద ప్రస్తావన రాగానే మనకు హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) గుర్తుకు వస్తారు. అల్లాహ్ తలచుకుంటే ఆయనను నావ లేకుండానే రక్షించలేడా? రక్షించగలడు. అయినా నావ నిర్మించమని ఆదేశించాడు. నీరు రాకముందే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే, జాతి పెద్దలు ఎగతాళి చేస్తూ ఉండగానే ఆయన పలకలు బిగించారు. హూద్ సూరాలో ఆయన కుమారుని సంగతి కూడా ఉంది. తండ్రి పిలిచినా నావ ఎక్కక, కొండ ఎక్కి తప్పించుకుంటానన్నాడు. అతని అసలు నేరం అవిశ్వాసమే. కాని హెచ్చరించే వాని మాటకన్నా తన అంచనాపైనే ఎక్కువ నమ్మకం పెట్టుకునే వారందరికీ అందులో గుణపాఠం ఉంది.

హిజ్రత్‌ను గుర్తు చేసుకోండి. దైవప్రవక్త (స) కంటే గొప్ప తవక్కుల్ ఎవరికి ఉంటుంది? అయినా మదీనా మక్కాకు ఉత్తరాన ఉంటే, ఆయన ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. మూడు రాత్రులు అక్కడ ఉన్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) పగలు మక్కాలో వార్తలు సేకరించి రాత్రికి చేరవేసేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకలను తోలుకువచ్చి పాలు అందించేవారు. హజ్రత్ అస్మా (రజి) ప్రయాణానికి ఆహారం సిద్ధం చేసి, మూట కట్టడానికి తాడు లేకపోతే తన నడికట్టునే చీల్చి కట్టారు. దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కుదుర్చుకున్నారు. అప్పటికి అతను ముస్లిం కాడు, కాని దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. ఇక హజ్రత్ అలీ (రజి)ని మక్కాలోనే ఉంచి, జనం దాచుకున్న అమానతులను ఎవరివి వారికి అప్పగించి రమ్మన్నారు. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న తరువాత, శత్రువులు గుహ ముఖద్వారం దగ్గర నిలబడినప్పుడు, అల్లాహ్ మనతో ఉన్నాడని తన సహచరునికి ధైర్యం చెప్పారు. తవక్కుల్ అంటే ఇది. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని ఒక వ్యక్తికి ఆయన (స) బోధించిన విషయం తిర్మిజీలో ఉంది.

ఆ కుర్రవాడి ప్రయాణం

ఆ పిల్లవాడు వెళ్లాడు. తరువాత సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆ ప్రయాణం గురించి మాకు స్వయంగా చెప్పాడు.

ఆ తుపాను పేరు రీటా. అమెరికాలో ఇటువంటి తుపానును హరికేన్ అంటారు. సెప్టెంబరు 21 నాటికి అది అయిదో శ్రేణికి, అంటే అత్యంత తీవ్రమైన స్థాయికి చేరింది. అంతకు మూడు వారాలకు పైగా ముందు, ఆగస్టు 29న, కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కట్టుబట్టలతో వచ్చిన అక్కడి బాధితులు ఎందరో హ్యూస్టన్‌లోనే తలదాచుకుంటున్నారు. వారిని కళ్లారా చూసిన నగరం భయంతో ఒక్కసారిగా కదిలింది. హ్యూస్టన్ పరిసరాల నుండి ఆ రెండు మూడు రోజుల్లో 25 లక్షలకు పైగా జనం రోడ్డెక్కారని అంచనా.

డల్లాస్ అక్కడికి దాదాపు 385 కిలోమీటర్లు. ఇంచుమించు తిరుపతి నుండి విజయవాడకున్నంత దూరం. మామూలుగా నాలుగు గంటల ప్రయాణం. వీరికి ఇరవై ఆరు గంటలు పట్టింది. గుంటూరు, నెల్లూరు జిల్లాల పిల్లలిద్దరు, మన చిత్తూరు అబ్బాయి ఒకడు. కారు ఒక్కోసారి గంటకు రెండు మూడు కిలోమీటర్లే కదిలేది. పెట్రోలు అయిపోతుందని ఏసీ ఆపేశారు. బయట మండే ఎండ. బంకుల్లో పెట్రోలు లేదు, దుకాణాల్లో నీళ్లు లేవు. రోడ్డు పక్కన వందలాది కార్లు ఆగిపోయి ఉన్నాయి.

అతను సర్దుకున్నది ఒక్క సంచి. అందులో పాస్‌పోర్టు, చదువుకు సంబంధించిన ఐ-20 పత్రం, సర్టిఫికెట్లు, మందులు, ఖుర్ఆన్ ప్రతి ఉన్నాయి. దానితోపాటు ఒక చిన్న కవరు కూడా ఉంది. సెలవు మీద ఇండియాకు వెళ్లిన ఒక మిత్రుడు దాచమని ఇచ్చిన డబ్బు అది. “నా కంప్యూటర్‌ను వదిలేశాను. ఆ కవరు మాత్రం వదలబుద్ధి కాలేదు. అది నాది కాదు కదా హజ్రత్!” అన్నాడు. ఆ పిల్లవాడికి మక్కాలో ఆగిపోయిన హజ్రత్ అలీ (రజి) గుర్తుకు వచ్చారో లేదో మేము అడగలేదు. కాని ఆయన వెళ్లిన దారిలోనే ఇతనూ నడిచాడు.

జుహ్ర్ వేళయింది. కారులో మిగిలినవి రెండు నీళ్ల సీసాలు. ఆ నీళ్లు ముగ్గురూ తాగడానికే చాలవు. తాగడానికి అవసరమైన నీరు తప్ప మరేమీ లేనప్పుడు షరీఅత్ తయమ్ముమ్‌కు అనుమతినిచ్చింది. అతను రోడ్డు పక్క నేలపై తయమ్ముమ్ చేసుకున్నాడు. ఊరి పొలిమేర దాటాడు, వెళ్లవలసిన దూరం మన హనఫీ ఫిఖహ్‌లో చెప్పే సుమారు 77 కిలోమీటర్లకంటే చాలా ఎక్కువ, కనుక నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా ఖస్ర్ చేశాడు. మనం ఇక్కడ పడమర వైపు తిరుగుతాము. అక్కడ ఖిబ్లా ఈశాన్యానికి. గుంటూరు పిల్లవాడు ఎండ తగలకుండా తువాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడట. ముందు కారులో ఒక వృద్ధురాలు సొమ్మసిల్లితే వీరు ఒక సీసా ఇచ్చేశారు. ఇక మిగిలింది ఒక్కటే.

శుక్రవారం ఉదయానికి డల్లాస్ చేరారు. ప్రయాణీకునిపై జుమా విధి కాదు. అయినా వెతుక్కుంటూ ఒక మస్జిదుకు వెళ్లాడు. అక్కడి జమాఅత్ వారు ముగ్గురికీ భోజనం పెట్టి, పరుపులు ఇచ్చి, మూడు రోజులు ఉంచుకున్నారు. ఇద్దరు హిందూ పిల్లలు కదా అని ఎవరూ వేరు చేయలేదు. ఎందుకు చేస్తారు? తాయిఫ్ నుండి సఖీఫ్ తెగవారు ఇంకా ఇస్లాం స్వీకరించక ముందే వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) వారికి తన మస్జిదులోనే బస ఏర్పాటు చేశారు.

“రూములోనే ఉండి ఉంటే...”

ఇక్కడితో కథ ముగిసి ఉంటే మా పని సులువయ్యేది. కాని రీటా దారి మార్చుకుంది. సెప్టెంబరు 24 తెల్లవారుజామున హ్యూస్టన్‌కు తూర్పుగా, టెక్సాస్, లూసియానా రాష్ట్రాల సరిహద్దులో తీరం దాటింది. హ్యూస్టన్‌కు పెద్ద దెబ్బ తగలలేదు. ఆ పిల్లవాని గదిలోకి చుక్క నీరు రాలేదు. పైగా ఆ ప్రయాణంలోనే ఎండదెబ్బకూ, ప్రమాదాలకూ వందమందికి పైగా చనిపోయారు. 23వ తేదీన డల్లాస్ సమీపంలో ఒక బస్సుకు నిప్పంటుకుని, వృద్ధాశ్రమం నుండి తరలిస్తున్న 23 మంది మరణించారు. తుపాను నుండి కాపాడదామని ఎక్కించిన బస్సే వారి పాలిట మృత్యువయింది.

తండ్రి మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన గొంతులో కోపం ఉంది. “మౌల్వీ సాబ్, మీ మాట విని పంపాను. రూములోనే ఉండి ఉంటే హాయిగా ఉండేవాడు. ఆ బస్సులో వాడే ఉండి ఉంటే నేనేం కావాలి?” అన్నాడు.

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. క్షేమంగా ఉన్నాడు కదా, అల్హందులిల్లాహ్ అనండి అని మాత్రం అన్నాము. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు కాని తృప్తి చెందలేదు. నిజం చెప్పాలంటే మాకూ తృప్తి కలగలేదు.

తరువాత ఒక హదీసు ముందు మేము ఆగిపోయాము. అది ఎన్నోసార్లు చదివినదే. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం, ముస్లింలో ఉంది. మేలు కలిగించే దాని కోసం పట్టుదలతో కృషి చేయమనీ, అల్లాహ్ సహాయం కోరమనీ, నిస్సహాయునిలా కూర్చోవద్దనీ దైవప్రవక్త (స) అందులో బోధించారు. ఆ తరువాత ఏదైనా ఆపద కలిగితే, నేను అలా చేసి ఉంటే ఇలా అయ్యేది అని అనవద్దన్నారు. ఆ ‘ఉంటే’ అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని హెచ్చరించారు.

చూడండి! ఒకే హదీసులో తండ్రి రెండు ప్రశ్నలకూ జవాబు ఉంది. మొదటి రోజు ఆయన నిస్సహాయునిలా కూర్చోమన్నాడు, అది తప్పు. రెండోసారి వచ్చినప్పుడు ‘ఉండి ఉంటే’ అన్నాడు, అదీ తప్పే. తుపానుకు ముందు మనిషి చేయవలసింది కృషి. తుపాను తరువాత చేయవలసింది విధివ్రాతను అంగీకరించడం. మనం ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటాము. చేయవలసిన వేళ విధి అంటాము. జరిగిపోయాక, చేసి ఉంటే అంటాము.

ఉహుద్ యుద్ధాన్ని చూడండి. ఊరిలోనే ఉండి ఎదుర్కోవాలా, బయటకు వెళ్లాలా అని దైవప్రవక్త (స) అనుచరులను సంప్రదించారు. ఎక్కువమంది కోరికపై బయటకు వెళ్లారు. డెబ్బై మంది షహీదులయ్యారు. ఆ తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతులో అల్లాహ్ ఏమని ఆదేశించాడు? సంప్రదింపులు మానివేయమనలేదు. వారిని క్షమించమనీ, వ్యవహారాల్లో ఇకముందు కూడా సంప్రదించమనీ, నిర్ణయం తీసుకున్నాక అల్లాహ్‌పై భారం వేయమనీ ఆదేశించాడు. అంటే ఫలితం బాధ కలిగించినంత మాత్రాన సరైన పద్ధతి తప్పయిపోదు. మనం ప్రశ్నింపబడేది మనం చేసిన పనిని గురించి. గాలి ఎటు తిరుగుతుందన్నది అల్లాహ్ చేతిలోని విషయం.

అయితే కృషిలోనూ వివేకం కావాలి. రీటా సమయంలో వెళ్లనవసరం లేని పేటల వారు కూడా భయంతో రోడ్డెక్కడం వల్ల సముద్రపుటొడ్డు వారికి దారి దొరకలేదు. దారి మీద ఇతరులకు ఉన్న హక్కు కూడా మనుషుల హక్కులలో ఒకటే. 2017 ఆగస్టులో అదే హ్యూస్టన్‌ను హార్వే తుపాను వానలు ముంచెత్తినప్పుడు, రీటా నాటి అనుభవాన్ని దృష్టిలో పెట్టుకుని నగరమంతా ఖాళీ చేయించలేదు. అప్పుడు భారతీయ విద్యార్థులు సుమారు 200 మంది నీటి మధ్య చిక్కుకున్నారని మన విదేశాంగ మంత్రి స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. ఒకసారి వెళ్లడం, మరోసారి ఉండడం. ఏది ఎప్పుడన్నది తెలిసినవారిని అడిగి తేల్చుకోవలసిందే. భయం కలిగించే వార్త ఏదైనా వస్తే దానిని నలుగురిలో ప్రచారం చేయక, బాధ్యులైన వారికీ, విషయం గ్రహించగల వారికీ నివేదించాలని నిసా సూరా 83వ ఆయతు నేర్పుతోంది. నేడు సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి వదంతినీ పదిమందికి పంపేవారు ఈ ఆయతును మననం చేసుకోవాలి.

రాయలచెరువు కట్ట కింద

పదహారేళ్లు గడిచాయి. 2021 నవంబరు 18న వాయుగుండం వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. తిరుమల ఘాట్ రోడ్లు మూసివేశారు. మరునాడు శుక్రవారం తెల్లవారుజామున కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు రాజంపేట ప్రాంతపు ఊళ్ల మీద పడింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆదివారం, 21న, తిరుపతి సమీపంలో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే సూచనలు కనిపించాయి. అది ఈ ప్రాంతంలోకెల్లా పెద్ద చెరువుల్లో ఒకటి. దిగువ ఊళ్లవారిని ఇళ్లు ఖాళీ చేయమన్నారు.

ఆ ఊళ్లలో ఒక దానిలో మన మండీ సోదరుని అక్క ఉంది. డెబ్బై ఏళ్లు దాటిన వితంతువు. రెండు గేదెలే ఆమె ఆధారం. “ఈ కట్ట మా తాతల నాటి నుండి ఉంది. నేను కదలను. మౌత్ వస్తే ఇక్కడే రానీ” అని మంచం మీద కూర్చుంది. పక్కింటి వారు ఈయనకు ఫోను చేశారు. ముసలివాడైన తమ్ముడు ఆ వానలోనే ఆటో మాట్లాడుకుని వెళ్లాడు. “ఆపా! ఇక్కడుంటే అల్లాహ్ విధి, అక్కడుంటే అల్లాహ్ విధి కాదా? ఆ విధి నుండి ఈ విధిలోకే పోదాం, లే” అన్నాడు. గేదెల పలుపులు విప్పి మెట్ట వైపు తోలించాడు. అక్కను తీసుకుని బంధువుల ఇంటికి చేర్చాడు.

అల్లాహ్ దయవల్ల కట్ట నిలబడింది. ఇసుక బస్తాలు వేసి దానిని కాపాడారు. కొన్ని రోజులకు ఆమె ఇంటికి తిరిగి వచ్చి చూస్తే అంతా వేసినది వేసినట్టే ఉంది. “చూశావా, ఏమీ కాలేదు. ఉత్త పుణ్యానికి తిప్పావు. ఇక్కడే ఉండి ఉంటే...” అని తమ్ముణ్ణి కోప్పడిందట.

“ఆపా, ఆ ‘ఉంటే’ అన్న మాట అనవద్దు. నేనూ ఒకప్పుడు అన్నాను. చెయ్యేరు పక్కన ఊళ్లవారు కూడా కట్ట తెగదనే అనుకున్నారు” అన్నాడాయన.

ఈ సంగతి ఆయనే మాకు చెప్పాడు. పదహారేళ్ల క్రితం మేము చెప్పలేకపోయిన జవాబు ఆ రోజు ఆయన నోట విన్నాము.

గాలిని చూసి భయపడిన ప్రవక్త (స)

హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయం ఒకటుంది. మబ్బు గాని, గాలి గాని లేచినప్పుడు దైవప్రవక్త (స) ముఖంలో ఆందోళన కనిపించేది. లోపలికీ బయటికీ తిరిగేవారు. వాన కురిసిన తరువాతే స్థిమితపడేవారు. జనం మబ్బును చూసి వాన వస్తుందని సంతోషిస్తారు కదా, మీకెందుకీ ఆందోళన అని ఆమె అడిగితే, ఆద్ జాతి వారు కూడా తమ లోయల వైపు వచ్చే మబ్బును చూసి వాన అనే అనుకున్నారని గుర్తు చేశారు. ఈ ప్రస్తావన అహ్‌ఖాఫ్ సూరాలో ఉంది.

గమనించండి, దైవప్రవక్త (స) భయపడింది తన గురించి, తన వారి గురించి. మనమేమో వేరొక దేశానికి తుపాను వస్తే అది వారి పాపాలకు శిక్ష అని తేలికగా తీర్పు చెబుతాము. కత్రినా అప్పుడూ అలా మాట్లాడినవారు ఉన్నారు. సోదరులారా! ఏ ప్లేగు దగ్గర ఉమర్ (రజి) వెనుదిరిగారో, అదే ప్లేగులో అబూ ఉబైదా (రజి), ముఆజ్ బిన్ జబల్ (రజి) మరణించారు. వారిని శిక్షితులు అనగలమా? ప్లేగులో చనిపోయిన విశ్వాసినీ, నీటమునిగి చనిపోయిన విశ్వాసినీ షహీదుల జాబితాలో చేర్చారు ప్రవక్త (స). ఆపద ఒకరికి పరీక్ష, ఒకరికి హెచ్చరిక, ఒకరికి పదవీ ఉన్నతి. ఎవరికి ఏమిటన్నది మన పని కాదు. గాలిని తిట్టవద్దని, దానిలోని మేలును అల్లాహ్‌ను అర్థించమని, కీడు నుండి శరణు వేడమని నేర్పారు. మన పని అదే.

మనం ఏం చేయాలి?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశాలోనూ మన తీరంలోనూ లక్షలాది మందిని ముందుగానే తరలించారు. మరణాలు పదులలోనే ఆగాయి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు యావత్తు మానవజాతిని కాపాడినట్లేనని మాయిదా సూరా 32వ ఆయతు చెబుతున్నప్పుడు, ఇది ఎంత గొప్ప సత్కార్యమో ఊహించండి. కనుక ఈ విషయాలు ఇంట్లో చర్చించుకోండి.

మొదటిది: ఖాళీ చేయమన్న మాట వస్తే, చీకటి పడకముందే కదలండి. చేజేతులా వినాశంలో పడవద్దని బఖరా సూరా 195వ ఆయతు ఆదేశం. ఇంట్లో ఉండమంటే ఉండండి. తెలిసినవారి మాట వినడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు.

రెండవది: ముఖ్యమైన పత్రాలు, మందులు, తాగునీరు ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకోండి. ఇతరుల అమానతులు, అప్పుల వివరాలు ఒక కాగితంపై వ్రాసి అందులో పెట్టండి. పశువులను కట్టివేసి వెళ్లకండి. పలుపులు విప్పండి. వాటి గురించి కూడా మనం ప్రశ్నింపబడతాము.

మూడవది: ఇరుగుపొరుగున ఒంటరి వృద్ధులు, గర్భిణులు, నడవలేనివారు ఎవరున్నారో ఇప్పుడే తెలుసుకోండి. వారి మతం అడగకండి. వారికి కావలసింది మన భుజం. ఊరు మెట్ట మీద ఉంటే మస్జిదు తలుపులు, షాదీఖానా తలుపులు అందరికీ తెరవండి.

నాల్గవది: జోరువానలో, వరదలో ప్రాణాపాయం తెచ్చుకుని మస్జిదుకు రానవసరం లేదు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వాన కురుస్తున్న ఒక జుమా రోజున, నమాజుకు రమ్మనే పిలుపుకు బదులు ఇళ్లలోనే నమాజు చేసుకోమని ప్రకటించమని ముఅజ్జిన్‌కు చెప్పారు. తనకంటే ఉత్తములైన ప్రవక్త (స) ఇలాగే చేశారని తెలిపారు. అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని స్వీకరించడం కూడా ఆరాధనే.

ఐదవది: పిల్లలను దూరదేశాలకు పంపే తల్లిదండ్రులారా! ఫీజు, వీసా, విమానం టికెట్టుతోపాటు ఖస్ర్, తయమ్ముమ్, ఖిబ్లా విషయాలు కూడా నేర్పి పంపండి. ఆ ఊరిలో ఏ కాలంలో ఏ ఆపద వస్తుందో తెలుసుకోమని చెప్పండి. సహవాసులతో మంచిగా మెలగమనండి. ఆపద నాడు కారులో చోటిచ్చేది వారే. మన భయాలను తవక్కుల్ పేరుతో పిల్లల మీద రుద్దకండి. ప్రయాణీకుని దుఆ, బిడ్డ కోసం తల్లిదండ్రులు చేసే దుఆ త్రోసిపుచ్చబడవని హదీసులలో ఉంది. వారికి దారి చూపండి, దుఆ ఇవ్వండి.

చివరగా ఒక్క మాట. తుపానుకు పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, రెండు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. మనమందరం తప్పక ఖాళీ చేయవలసిన ఇల్లు మరొకటి ఉంది. దానికి ఏ వాతావరణ శాఖా తేదీ చెప్పదు. ఆ రోజు దారి మార్చుకుని పోయే తుపాను ఉండదు, తిరిగి వచ్చి తలుపు తీసుకునే అవకాశం ఉండదు. కంప్యూటర్ వదిలి అమానతు కవరు పట్టుకున్న ఆ కుర్రవాణ్ణి గుర్తుంచుకోండి. ఏది వదలాలో, ఏది వెంట తీసుకుపోవాలో ఇప్పుడే తేల్చుకున్నవాడే నిజమైన వివేకి.

ఓ అల్లాహ్! మా ఊళ్లపై నీవు పంపే గాలిని, వానను మేలు కలిగించేవిగా చేయి. దూరదేశాల్లో ఉన్న మా పిల్లలను నీ రక్షణలో ఉంచు. చేయవలసిన వేళ కృషి చేసే శక్తినీ, జరిగిన దానిని అంగీకరించే హృదయాన్నీ మాకు ప్రసాదించు. నీటిలో, దారిలో ప్రాణాలు కోల్పోయిన వారి కుటుంబాలకు సహనం అనుగ్రహించు. ఆమీన్.